మా బావా, జకార్తా కెప్టెనూ

మొన్న ఒక సాయంత్రం టీవీలో ఫుట్‌బాల్ ఆట వస్తుంటే కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను. ఆట ఇంకా మిగిలి ఉండగానే మన దేశపు జట్టు కెప్టెన్‌ని బయటికి పిలిచారు. అతను కెప్టెన్ గుర్తుగా తన చేతికున్న పట్టీ విప్పి, పక్కనున్న కుర్రవాడి చేతికి తానే తొడిగి, భుజం తట్టి, నడుచుకుంటూ వెళ్ళి బయట బల్లమీద కూర్చున్నాడు. ఇంట్లో ఎవరికీ అదొక విశేషంగా తోచలేదు. నేను మాత్రం ఆట సంగతి మరిచిపోయి, బల్లమీద కూర్చున్నాయన ముఖం మళ్ళీ ఎప్పుడు చూపిస్తారా అని చూస్తూ ఉండిపోయాను. దిగిపోయిన కెప్టెన్ ముఖంలో ఏముంటుందో తెలుసుకోవాలన్న ఈ ఆరాటం నాకు ఇవాళ పుట్టింది కాదు. అరవై ఏళ్ళ కిందట మైపాడు పక్కన, ఉప్పుగాలిలో, మా బావ నుంచి అంటుకున్నది.

అప్పుడు నాకు బోర్డు స్కూల్లో కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. స్కూలు మా అక్కను ఇచ్చిన ఊళ్ళోనే కావడంతో వాళ్ళింట్లోనే మకాం. బావది మాగాణి సేద్యం. మనిషి మంచివాడే గాని, పట్టిన పట్టు విడిచేవాడు కాడు. ఒకసారి మద్రాసు వెళ్ళినప్పుడు ఎవరో ఆడుతుంటే చూసి, మోజుపడి ఒక తోలు బంతి కొనుక్కొచ్చాడు. ఊరికీ సముద్రానికీ మధ్య సరుగుడు తోపు పక్కన గట్టినేల ఒకటి ఉండేది. అక్కడ మా రైతు కుటుంబాల కుర్రాళ్ళు, సముద్రం ఒడ్డు పాళెంలో చేపల వేటకు వెళ్ళివచ్చిన బెస్త యువకులు, అన్నిటికీ వెనకబడే నేను, అందరం కలిసి ఒక జట్టు అయ్యాం. సరుగుడు వాసాలు నాలుగు పాతి గోలు కట్టాం. దానికి పాత వలలు తెచ్చి బిగించింది పాళెం వాళ్ళు. బంతి బావది కనక కెప్టెన్ బావే అయ్యాడు. ఇదేమిటని ఎవరూ అడగలేదు, అడగాలని ఎవరికీ తోచనూ లేదు. అక్క అత్తగారికి మాత్రం కెప్టెన్ అన్న మాట బొత్తిగా మింగుడుపడలేదు. కృష్ణపట్నం రేవులో ఓడలు చూసిన మనిషి ఆవిడ. "బంతాటకి కెప్టెన్ ఏందిరా, అదేమన్నా ఓడా?" అని మమ్మల్నందరినీ ఆటపట్టించేది.

మా జట్టుకి లోకజ్ఞానమంతా జవుళి కొట్టు సాయిబు మామ దగ్గర నుంచే వచ్చేది. ఆయన సరుకు కోసం మద్రాసు వెళ్ళినప్పుడల్లా పని ముగించుకుని ఆటలు చూసి వచ్చేవాడు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మనవాళ్ళు లండన్ పోయి ఉత్తకాళ్ళతో ఆడారని ఆయన చెప్పినప్పుడు, జన్మలో చెప్పు తొడగని పాళెం కుర్రాళ్ళు ఎంత గర్వంగా ఒకరినొకరు చూసుకున్నారో నాకింకా గుర్తే. ఆ జట్టు కెప్టెన్ ఎక్కడో ఈశాన్య కొండల నుంచి వచ్చినవాడట. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఎక్కువగా కలకత్తా వైపు వాళ్ళట. ఒక్కొక్క పెద్ద పోటీకి ఒక్కొక్క కెప్టెన్. ఎందుకు మారుస్తారు, ఎవరు మారుస్తారు, మారినాయన ఏమవుతాడు? కొట్టు అరుగుమీద కూర్చుని మేం అడగని ప్రశ్న లేదు. మామ చెప్పగలిగినవి చెప్పేవాడు, తెలియనివాటికి మీసం దువ్వుకునేవాడు.

అరవై రెండులో జకార్తాలో మన జట్టు బంగారు పతకం గెలిచిందన్న వార్త పంచాయతీ రేడియోలో విన్నాం. ఆ సంబరం సద్దుమణిగాక సాయిబు మామ ఒక మాట చెప్పాడు. రెండేళ్ళ కిందట ఒలింపిక్స్‌లో కెప్టెన్‌గా ఉన్నాయన ఈ జట్టులో కూడా ఉన్నాడట. ఈసారి కెప్టెన్ మాత్రం వేరొకడట, వయసులో చిన్నవాడట. ఆ మాట విన్నప్పటి నుంచి మా బావకి మనశ్శాంతి లేదు. తప్పు చేస్తే తీసేశారనుకోవచ్చు, కాలు విరిగితే ఇంటికి పోయాడనుకోవచ్చు. దిగిపోయి, అదే జట్టులో, తనకంటే చిన్నవాడి మాట వింటూ ఆడడమేమిటి? గ్రామ మునసబు పదవి పోయినవాడు మళ్ళీ చావడి గడప తొక్కడం మేమెవరం ఎరగం. బావ అన్నం ముందు కూర్చున్నా అదే, పొలానికి పోతున్నా అదే. "ఆయనకి ఎట్టుంటాది అబ్బయా లోపల?" అని నన్నే అడిగేవాడు, అక్కడికి నేనేదో జకార్తా పోయి వచ్చినట్టు.

బావకి ఆ ఆరాటం ఎందుకో నాకు తెలియకపోలేదు. అంతకుముందు ఏడాది దుక్కిలో ఎద్దు తన్ని ఆయన మోకాలు దెబ్బతింది. పరుగు తగ్గింది. అయినా కెప్టెన్ కనక ముందువరసలోనే నిలబడేవాడు, బంతి తనకే ఇవ్వమనేవాడు. పాళెంలో పడవ నడిపే సరంగు కొడుకు ఒకడు ఉండేవాడు, ఇరవై ఏళ్ళవాడు, ఇసుకలో పరుగెత్తి పరుగెత్తి ఇనుపకాళ్ళు చేసుకున్నవాడు. వాడు నోరు తెరిచి అరిస్తే గాలికి ఎదురుగా కూడా వినిపించేది. అందరం వాడి అరుపుకే కదిలేవాళ్ళం, పేరుకి మాత్రం కెప్టెన్ బావ. ఒక సాయంత్రం వాడు బంతి బావకి ఇవ్వకుండా తానే తీసుకుపోయి గోలు కొట్టాడు. బావ బంతి చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. మర్నాడు చూస్తే గోలుకి వలలు లేవు, పాళెం వాళ్ళు విప్పుకుపోయారు. బంతి మా ఇంటి అటకమీద, వలలు వాళ్ళ పాకల్లో, గట్టినేల మీద గొర్రెలు. నెల్లూరు జట్టుతో ఆడతామని ఒప్పుకున్న ఆట దగ్గర పడుతోంది. మా అక్క మాత్రం బంతి మీద దుమ్ము పడకుండా పాత తువ్వాలు కప్పింది.

అలాంటి రోజుల్లోనే సాయిబు మామ మద్రాసు నుంచి, బట్టల మూటకి చుట్టిన పాత ఇంగ్లీషు పేపరు ఒకటి జాగ్రత్తగా మడిచి తెచ్చాడు. అందులో జకార్తా జట్టు మొత్తం నిలబడ్డ ఫోటో ఉంది. కొత్త కెప్టెన్ ఎవరో, పాత కెప్టెన్ ఎవరో నేను కింది అక్షరాలు చదివి చూపించాను. బావ ఆ కాగితాన్ని వాకిట్లో వెలుతురుకి తీసుకెళ్ళి, దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, పాత కెప్టెన్ ముఖం చాలాసేపు చూశాడు. మిగతావాళ్ళలాగే ఆయనా ఎండకి కళ్ళు చిట్లించి నిలబడి ఉన్నాడు, అంతే. బావ కాగితం మామకిచ్చి, అటకమీది బంతి దించి, సైకిలు పంపుతో గాలి కొట్టడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం తనే పాళెం వెళ్ళి వలలు అడిగాడట. ఏమని అడిగాడో నాకు తెలియదు. మర్నాటికి వలలు మళ్ళీ గోలు వాసాలకి ఉన్నాయి.

నెల్లూరు ఆటకి బస్సులో వెళ్ళాం. వాళ్ళకి బూట్లూ, రంగు బనీనులూ. మాలో సగం మంది ఉత్తకాళ్ళు. రెఫరీ నాణెం చేత్తో పట్టుకుని కెప్టెన్లని రమ్మన్నాడు. అందరం బావ వైపు చూశాం. బావ వంగి చొక్కా అంచు పంచెలో దోపుకుంటూ, తల ఎత్తకుండానే సరంగు కొడుకుతో అన్నాడు:

"నువ్వు పో. ఈ పొద్దు నుంచి నువ్వే."

వాడు కదల్లేదు. బావ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. వాడు వెళ్ళి, తిరిగి వచ్చి, మమ్మల్ని ఒక్కొక్కరినీ ఎక్కడ నిలబడాలో చూపిస్తూ బావ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు.

"అన్నా, నువ్వు ఎనక గోలు ముందర ఉండు. ముందర నీ మోకాలు తట్టుకోదు."

మోకాలి సంగతి జట్టులో అప్పటిదాకా ఎవరూ పైకి అనలేదు. బావ దవడ బిగుసుకోవడం నేను చూశాను, బంతి తీసుకుని బస్సెక్కేస్తాడేమో అనుకున్నాను. బావ కుంటుకుంటూ వెనక్కి నడిచాడు. ఆ రోజు ఆయన ఆడినట్టు అంతకుముందు ఎన్నడూ ఆడలేదు. పరుగు అక్కరలేని చోట మనిషి గోడలా నిలబడ్డాడు. అయినా మేం ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. మమ్మల్ని ఉతికి ఆరేస్తారని చూడ్డానికి వచ్చిన నెల్లూరు జనం, ఆట అయ్యాక మా కుర్రాళ్ళకి సోడాలు ఇప్పించారు.

తిరుగు బస్సులో బావ పక్కన కూర్చున్నాను. వెనక సీట్లలో పాళెం కుర్రాళ్ళు ఓడిపోయినా పాటలు పాడుతున్నారు. చాలా దూరం వచ్చాక ఆయనే అన్నాడు:

"ముఖంలో ఏమీ కనపడదు అబ్బయా. కనపడితే ఆడలేం గదా."

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, మా అక్కకి కూడా.

ఆ తర్వాతి ఏడాది వానలు వెలిశాక, ఎవరూ అడక్కముందే సరంగు కొడుకు కెప్టెన్‌గిరీ మా వీధి కుర్రాడొకడికి ఇచ్చేశాడు. అలా ఏడాదికొకరు చొప్పున కొన్నేళ్ళు నడిచింది. ఒక ఏడు నాకూ వచ్చింది, ఆ ఏడు మేం అన్ని ఆటలూ ఓడిపోయాం. తర్వాత నాకు వేరే ఊరికి బదిలీ అయింది, కుర్రాళ్ళకి పెళ్ళిళ్ళయ్యాయి, వేటకు మోటారు పడవలు వచ్చాయి. అందరి చేతుల్లోకి క్రికెట్ బ్యాటు వచ్చింది. సాయిబు మామా లేడు, బావా లేడు. ఆ గట్టినేల మీద ఇప్పుడు రొయ్యల చెరువులు.

కిందటి నెల అక్కను చూడ్డానికి వెళ్ళినప్పుడు అక్కడి పిల్లల్ని ఊరికే అడిగాను, మన ఫుట్‌బాల్ జట్టుకి ఇంతవరకూ ఎవరెవరు కెప్టెన్లని. ఒకడు ఫోన్ తీసి, నేను కళ్ళజోడు పెట్టుకునే లోపల, మొదటివాడి నుంచి ఇప్పటివాడి దాకా గడగడా చదివేశాడు. మేం ఏళ్ళతరబడి అరుగుమీద కూర్చుని పోగుచేసుకున్నదంతా అందులో ఉంది, మాకు తెలియనిదీ ఉంది. సంతోషమే వేసింది. దిగిపోయినాయన ఏమయ్యాడని వాళ్ళు అడుగుతారేమో అని కాసేపు చూశాను, అడగలేదు. మీ ఊరి జట్టుకి కెప్టెన్ ఎవర్రా అని నేనే అడిగితే, వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నవ్వి, జట్టా, పదకొండు మంది యాడ దొరుకుతారు తాతా అన్నారు.