మగ్గం మీద పడుకున్న రాజు

మెల్‌బోర్న్‌లో నేను వైటూకే పనిలో తలమునకలుగా ఉన్న రోజులవి. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా మార్చడమే నా ఉద్యోగం. శనివారాలు కూడా ఆఫీసే. ఆర్నెల్లు ఉందామని చీరాల నుంచి వచ్చిన మా అత్తగారు పగలంతా ఒక్కరే కూర్చునేవారు. మా మాటలు వంట దగ్గర మొదలై అక్కడే ఆగిపోయేవి.

ఒక శనివారం సెలవు దొరికితే ఆవిడను మ్యూజియానికి తీసుకెళ్లాను. బొమ్మలన్నీ నాకోసమే చూస్తున్నట్టు నడిచిన మనిషి, ఒక గదిలో గోడంత నేత తెర ముందు ఆగిపోయారు. వందల ఏళ్ల కిందట యూరప్‌లోని ఫ్లాండర్స్‌లో నేసిన యుద్ధం అది. గుర్రాలు, ఈటెలు, పొదల్లో పడిపోయిన సైనికులు, మధ్యలో కత్తి ఎత్తిన రాజు. ఆవిడ తలను భుజం మీదికి వాల్చి అలాగే నిలబడ్డారు. కాపలా ఆయన వచ్చి, ఆవిడకు మెడ పట్టేసిందా అని నన్నడిగాడు.

"ఏమైంది అత్తయ్యా?"

"దీన్ని పక్కకి తిప్పి నేశారమ్మాయ్. పడుగు దారాలు చూడు, నిలువుగా ఉండాల్సినవి అడ్డంగా ఉన్నాయి. నేసినన్నాళ్లూ ఈ రాజు మగ్గం మీద పడుకునే ఉన్నాడు."

ఆ మాట కాపలా ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన లోపలికెళ్లి, అక్కడి పాత బట్టల బాగోగులు చూసే ఆవిడను పిలుచుకొచ్చాడు. ఆవిడ విని, నిజమేనని నవ్వి, చేతులకు గ్లవ్స్ వేసుకుని తెర కింది అంచు కాస్త మడిచి చూపించింది. ముందువైపు నీలంగా ఉన్న ఆకులు వెనకవైపు ఆకుపచ్చగా ఉన్నాయి.

"నీలిమందు మీద పసుపు వేస్తేనే కదా ఆకుపచ్చ," అన్నారు అత్తగారు. "వెలుగుకి పసుపే ముందు పోద్ది."

వాళ్లిద్దరికీ మధ్య నేను అటూ ఇటూ మాటలు మోస్తూ గంటసేపు నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు ట్రామ్‌లో అడిగాను. "మీకు నేత వచ్చని ఎప్పుడూ చెప్పలేదేం?"

"పెళ్లయ్యేదాకా మా నాన్న పక్కన కూర్చుని నేసేదాన్ని. అత్తారింట్లో మగ్గం లేదు. ఎవరూ అడగలేదు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ పడుగు ఎలా సరిచేయాలో గాలిలో వేళ్లతో చూపించారు. మావారు అన్నం కలపడం మానేసి తల్లినే చూస్తూ ఉండిపోయారు. ఆయనకూ తెలియదు.

తర్వాతి శనివారం పొద్దున్నే ఫోన్ చేసి, ఆఫీసుకు రాలేనని మేనేజరుకు చెప్పాను. అత్తగారు అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.