కుడివైపు నుంచి

"...హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే లేచి నిలబడి 'అదీ! అదీ!' అని కేకలేస్తావా నాన్నా? ముందు సీటావిడ పాప్‌కార్న్ అంతా ఒళ్లో పోసుకుంది."

"పోసుకోనీ. కుడివైపు నుంచి ఎక్కాడే! నువ్వు చూశావా లేదా?"

మొన్మా తొకిజిరో జపాన్‌లోని సోమా ఊళ్లో ఇళ్లకు పెంకులు నేస్తాడు. అరవై ఆరేళ్లవాడు. సినిమా హాలు బయట, ఆగి ఉన్న కార్ల మధ్య కూతురు కనాయేతో వాదిస్తున్నాడు. ఆ సమురాయ్ సినిమా అతను చూడటం ఇది మూడోసారి. దాని మీద అతని అభిప్రాయం ఊళ్లో అందరికీ తెలుసు; ఇళ్ల కప్పుల మీద కూర్చుని, కింద ఎవరు పోతుంటే వాళ్లకి చెప్పాడు. యుద్ధంలో పొగ ఎక్కువ. హీరో ఏడుపు ఇంకా ఎక్కువ. కవచాలు నిన్న కొన్న గిన్నెల్లా మెరుస్తున్నాయి. అయినా ఒక్క సీను కోసం మూడు గంటలూ కూర్చోవచ్చు: దండు కదిలేముందు సేనాపతి గుర్రానికి కుడిపక్కన నిలబడి, కుడికాలు రికాబులో పెట్టి పైకి లేస్తాడు.

"మా తాత అచ్చం అలాగే ఎక్కేవాడు. ఇన్నాళ్లకి ఒక్క సినిమావాడికి తెలిసింది!"

ఏటా గుర్రాల పండుగలో తొకిజిరో తాతలనాటి కవచం తొడుక్కుని స్వారీ చేస్తాడు. అందరూ ఎడమవైపు నుంచే ఎక్కుతారు. పండుగకి తెచ్చేవి పందేలు మానేసిన గుర్రాలు; వాటికి అదే అలవాటు. నిరుడు అతను తాతలాగా ఎక్కబోయాడు. జీను జారి, కిందపడి, భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. గుర్రాలకి తర్ఫీదు ఇచ్చే కనాయే అప్పుడే తేల్చేసింది: ఎడమవైపు నుంచి ఎక్కుతానంటేనే ఈ ఏడు పేరు ఇస్తాను. అలాగైతే అసలు ఎక్కనన్నాడు అతను. పేర్లివ్వడానికి రేపే ఆఖరు. అందుకే ఆమెను సినిమాకి లాక్కొచ్చాడు.

"చూశాను," అంది కనాయే. "నువ్వు అవతలి మనిషిని చూశావా?"

"ఏ మనిషి?"

"మూడుసార్లు చూసి ఇదా నువ్వు చూసింది! ఎడమ రికాబు పట్టుకుని ఒకడు కిందికి వేలాడుతున్నాడు. వాడి బరువు వల్లే జీను కదల్లేదు." ఆమె గొంతు కూడా పెరిగింది. "నాన్నా, ఇది అయ్యే పనే!"

ఇద్దరూ కారు వైపు దాదాపు పరుగెత్తారు.

అతని గుర్రం హయతే, గుర్రాలశాల ముందు ఎండలో నిలబడి ఉంది. జీను బిగించి, కనాయే ఎడమ రికాబుకి వేలాడింది. అతను కుడికాలు పెట్టి లేవబోయాడు. జీను అతనివైపే ఒరిగింది.

"ఆగు, ఆగు! నువ్వు ఎనభై కిలోలు, నేను యాభై. నేనే గాల్లోకి లేస్తున్నాను!"

ఇంకో రెండుసార్లు ప్రయత్నించారు. అదే తంతు. నవ్వాపుకోలేక కనాయే గడ్డి మీద కూలబడింది. తొకిజిరో కాసేపు జీను వైపు చూశాడు. తర్వాత గుర్రం చుట్టూ తిరిగొచ్చి, ఎడమ రికాబు రెండు చేతులా పట్టుకున్నాడు.

"నువ్వెక్కు."

"నేనా?"

"ఎక్కమన్నానుగా."

ఆమె అటువెళ్లి కుడికాలు పెట్టి లేచింది. జీను వెంట్రుకవాసి కదల్లేదు. హయతే ఒక చెవి వెనక్కి తిప్పి, అలాగే నిలబడింది.

"ఎక్కేశాను! నాన్నా, ఎక్కేశాను!"

తొకిజిరో రికాబు వదల్లేదు.

"రేపు పేర్లిచ్చేటప్పుడు స్వారీకి నీ పేరు రాయి," అన్నాడు. "పట్టుకునేవాడి చోట నాది."