చేతులు మాత్రమే కనిపించే క్లాసు

ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసిన నేను. లెక్కల సారు బోర్డు నిండా రాసి, వెనక్కి తిరిగి "అర్థమైందా?" అని అడిగితే క్లాసు క్లాసంతా "అయ్యింది సార్" అని పాట పాడేది. నేనొక్కదాన్నే "కాలే సార్" అనేదాన్ని. నిజం చెప్పిన పాపానికి బెంచీ ఎక్కి నిలబడుడు. నిలబడి నిలబడి కాళ్ళు గుంజి, కూసొని చేసే పని ఏముందా అని చూస్తే కుట్టుమిషన్ దొరికింది. అప్పటి నుంచి అమీర్‌పేటలో, గల్లీకి రెండు దిక్కులా కోచింగ్ బోర్డులే ఉన్న చోట జాకెట్లు కుడుతున్న. చుట్టూ ఇంత చదువు పెట్టుకొని నాకు ఇసుమంత సుత అంటుకోలేదంటే, నా గట్టితనం చూడుండ్రి.

అట్లాంటి నేను టీచర్నైన. అది సుత ఆన్‌లైన్ల.

మధురానగర్ హాస్టల్ల ఉండి పోయిన ఒక గిరాకీ, పెండ్లయినంక ఫోన్ చేసి "అక్కా, జాకెట్ కుట్టుడు ఫోన్ల నేర్పియ్యరాదూ" అన్నది. సరే అన్న. ఆమె వాళ్ళ వదినెకు చెప్పింది, వదినె ఇంకొకామెకు. తిరిగి చూసేసరికి గ్రూపుల ఇరవై మూడు మంది! క్లాసు మధ్యాహ్నం రెండున్నరకు. అంట్లు తోముడు అయిపోవాలె, పిల్లలు బడి నుంచి రాకముందే ముగియాలె. ఆ మధ్యల ఉన్న కాస్త టైమే వాళ్ళది.

ఫోన్ల క్లాసు పెట్టుడు నాకు నేర్పించింది మా షాపు పైన ఉండే సారు. గోదావరి వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ ఆన్‌లైన్ల చెప్తడు. రోజూ మొదటి పావుగంట ఆయన పాఠం ఒకటే: "నా మాట వినిపిస్తోందా అండీ? ఎవరైనా చెప్పండి, వినిపిస్తోందా?"

నేను కింద నుంచి అరిచేదాన్ని. "మస్తు వినిపిస్తుంది సారూ! బల్కంపేట దాకా వినిపిస్తుంది!"

పాపం కిటికీ మూసుకునేటోడు.

నవ్విన గానీ, రెండు వారాల్ల ఆయన జబ్బే నాకు అంటింది. ఫోనును దారాల డబ్బాకు ఆనించి, ముందు కెమెరాల నా మొహం నింపి, "అర్థమైందా?" అని అడుగుడు. "అయ్యింది అక్కా" అని రాసి అందరూ బొటనవేళ్ళ బొమ్మలు పంపుడు. కెమెరాలన్నీ బంద్. నల్లటి డబ్బాలకు పాఠం చెప్తున్నట్టుండేది. అయినా ఆ బొటనవేళ్ళు చూసి మురిసిపోయిన. బెంచీ ఎక్కించినోళ్ళ కుర్చీల కూసుంటే నేను సుత అదే ప్రశ్న అడిగిన, చూడుండ్రి.

ఆ ఇరవై మూడు మందిల సిద్దిపేట దిక్కు నుంచి ఒకామె ఉండేది. చేరిన రోజే ఫోన్ చేసి తన కథంతా ఒక్క గుక్కల చెప్పింది. భర్త ఇక్కడ ఆటో నడుపుతుండు, ఇంకో నలుగురితోని ఒక రూముల ఉంటుండు. ఈమె, ఐదేండ్ల బిడ్డ అక్కడ అత్తగారింట్ల. పంజాగుట్టల ఒక బట్టల షాపు మాస్టరు, ఫలానా సోమవారం వచ్చి తన ముందట ఒక జాకెట్ కట్ చేసి కుట్టి చూపిస్తే పనిల పెట్టుకుంటనన్నడట. పని దొరికితే ముగ్గురూ ఇక్కడ ఒక్క ఇంట్ల ఉండొచ్చు. దొరకకపోతే ఎప్పటి లెక్కనే, పండుగకొకసారి మొగుని మొహం చూసుడు.

"నాకు మూడే వారాలున్నయక్కా" అన్నది. అంతే. తర్వాత క్లాసుల నోరు తెరవలే, కెమెరా పెట్టలే, ఒక్క డౌటు అడగలే.

మూడో వారం హుక్కుల పట్టీ చెప్పిన. మా జాకెట్లకు హుక్కులుండే పట్టీ కుడి దిక్కు వస్తది, అది ఎడమ దాని మీదికి మూసుకుంటది. అయితే ముందు కెమెరాల నాకు నేను అద్దంల లెక్క తిరగబడి కనిపిస్తున్న. వాళ్ళకు సుత అట్లనే కనిపిస్తదని తెలివికి పోయి, కుడిని ఎడమ చేసి చూపించిన. "అర్థమైందా?" అంటే "అయ్యింది అక్కా."

"అయితే కుట్టి ఫొటోలు పెట్టుండ్రి" అన్న.

పొద్దున గ్రూపు తెరిచిన. ఇరవై రెండు జాకెట్లు. కుట్టు నీటుగ ఉంది, హుక్కులు వరుసగ ఉన్నయి. ఇరవై రెండూ ఎడమ దిక్కు! మగోళ్ళ అంగీ లెక్క మూసుకుంటున్నయి. ఒక్క ఫొటో తక్కువుంది. సిద్దిపేట ఆమెది. ఫోన్ చేసిన.

"ఏమ్మా, నీ ఫొటో ఏది?"

"నాది తప్పొచ్చిందక్కా. కుట్లు ఇప్పుతున్న."

"ఎట్ల తప్పొచ్చింది?"

"మీరు చూపిస్తుంటే నెట్టు ఆగిపోయింది. దండెం మీద మా అత్త జాకెట్ ఉంటే, దాన్ని చూసి కుట్టిన. గ్రూపుల చూస్తే అందరివి ఒక తీరు, నాదొక్కదే వేరే తీరు. హుక్కులు కుడి దిక్కు వచ్చినయి. గింత పని సుత రాలే. సోమవారం పోయి ఏం చేస్త? పోనని మా ఆయనకు చెప్పిన."

"ఇప్పకు! కత్తెర కింద పెట్టు! నీదొక్కదే కరెక్టు. తప్పు నాది."

"ఊకోండ్రి అక్కా. నా మనసు కోసం చెప్తున్నరు."

"నీ మనసు కోసం అబద్ధం చెప్పేంత మంచిదాన్ని కాదు నేను. పోయి మీ అత్త జాకెట్‌కు దండం పెట్టుకో. ఆయనకు మళ్ళ ఫోన్ చెయ్, పోతున్ననని చెప్పు."

నెట్టు ఆగకపోయుంటే ఆమె సుత తప్పే కుట్టేది. ఒప్పు కుట్టిన మనిషి దాచుకొని కూసుంది, తప్పు కుట్టినోళ్ళు బొటనవేళ్ళు చూపించిండ్రు. మెట్లెక్కి ఉరికి పైన సారుకు సంగతంతా చెప్పిన.

"అదేంటండీ" అన్నడు సారు. "అలా తిరగబడి మీకు మాత్రమే కనిపిస్తుంది. వాళ్ళకి మామూలుగానే కనిపిస్తుంది."

"మరి ముందే చెప్పొద్దా సారూ?"

"మీరు అడగలేదు కదండీ!"

ఆయనను తిడదామని పోయినదాన్ని, అవే మెట్లు దిగొచ్చిన.

ఆ మధ్యాహ్నం క్లాసుల తప్పు ఒప్పుకున్న. "ఇప్పే పని మీది, తిట్టే హక్కు సుత మీదే. కానియ్యుండ్రి" అన్న. ఒకామె మొదటిసారి గొంతిప్పింది. "అందుకేనా అక్కా! 'ఇది నాకు కుట్టినవా' అని మా ఆయన అడిగిండు." ఇరవై మూడు మంది నవ్వు ఒక్కసారిగ ఫోన్లకెల్లి వచ్చింది. మూడు వారాల్ల నేను విన్న మొదటి చప్పుడు అది!

ఆ నవ్వు మీదనే అంతా మార్చిన. రెండు ఎత్తు డబ్బాల మీద కట్టె స్కేలు అడ్డం పెట్టి, దాని మీద ఫోను పండబెట్టిన. వెనక కెమెరా సీదా నా చేతుల మీదికి. నా మొహం పోయింది, ఎవ్వరికీ నష్టం లేదు. "మీ మొహాలొద్దు, మీ ఇల్లొద్దు. మీ చేతులు చూపియ్యుండ్రి, చాలు" అన్న.

కెమెరాలు ఒక్కొక్కటే తెరుచుకున్నయి! ఇన్నాళ్ళు వాళ్ళు సిగ్గుపడ్డది నాకు కాదు, వెనకాల కనిపించే గోడకు, తిరిగే అత్తకు. ఇప్పుడు గోరింటాకు చేతులు, పిండి అంటిన చేతులు, చాక్‌పీసు గుంజుకుంటున్న చంటిపిల్ల చెయ్యి. సిద్దిపేట చేతులకు ఆకుపచ్చ గాజులు. గుడ్డ వేస్టయితదని పాత పేపర్ల మీద గీస్తుంది. సీదా గీత గీసినంత సేపు చెయ్యి హాయిగ పోతది, చంక దగ్గర వంపు రాంగనే గాల్లకు లేస్తది. మూడు వారాలు "అయ్యింది అక్కా" అన్న మనిషి ఎక్కడ ఆగుతుందో నాకు ఒక్క నిమిషంల కనిపించింది!

"అర్థమైందా" అనుడు ఆ రోజుతోని బంద్. "ఎవరు ఎక్కడ ఆగిండ్రు?" అని అడిగిన. ఎవరిది వేరే తీరుగ వస్తే వాళ్ళు ముందు చూపియ్యాలె, మిగిలినోళ్ళు ఎందుకట్ల వచ్చిందో చెప్పాలె. నాలుగో రోజు ఆకుపచ్చ గాజులు ఆగినయి. "అక్కా, ఇక్కడ వంపు ఎక్కువైతే చెయ్యి ఎత్తినప్పుడు పట్టేస్తది కదా?" మొదటి డౌటు! షాపుల ఎగిరి గంతేసిన. బయట నిలబడ్డ గిరాకీ భయపడ్డది.

సోమవారం షాపు మూసి పంజాగుట్ట మెట్రో మెట్ల కాడ నిలబడ్డ. ఆమె మొహం నాకు తెల్వదు, నా మొహం ఆమె ఆగి ఆగి నడిచే నెట్టులనే చూసింది. జనంల ఎట్ల దొరకాలె? నా కుడిచెయ్యి పైకెత్తి నిలబడ్డ. ఎవరో వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నరు. "బొటనవేలి మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ! అక్కా, మీరే!" ఆకుపచ్చ గాజులు నేను సుత గుర్తుపట్టిన.

ఆమె భర్త మమ్ముల ఎక్కించుకొని బట్టల షాపు ముందట ఆటో ఆపిండు. "పాసయితదా అక్కా?"

"నువ్వు ముందు ఆటో బంద్ చెయ్. ఆ చప్పుడుకు నాకే కుట్టు తప్పుతది."

మాస్టరు మెడల టేపుతోని, ముక్కు మీద కండ్లద్దాలతోని కూసున్నడు. ఒక గుడ్డ, కొలతకు గిరాకీ ఇచ్చిన పాత జాకెట్ ఆమె ముందట పెట్టిండు. నేను తలుపు పక్క బెంచీ మీద. మాట్లాడొద్దన్నరు. నన్ను మాట్లాడొద్దనుడంటే చేపను ఈదొద్దనుడు.

ఆమె పాత జాకెట్‌ను పరిచింది, కొలిచింది, చాక్‌పీసు తీసింది. చెయ్యి గాల్లకు లేచి ఆగిపోయింది. వంపు దగ్గర కాదు, భుజం దగ్గరనే. అయిపోయిందనుకున్న. బెంచీ అంచు గట్టిగ పట్టుకున్న.

"మాస్టర్, ఈ జాకెట్‌కు ఎడమ భుజం అర ఇంచు సాగింది. ఇది ఉన్నట్టే కట్ చెయ్యాల్నా, కుడి భుజాన్ని కొలతగ పట్టుకోవాల్నా?"

మాస్టరు తల ఎత్తిండు. "నువ్వు ఏది పట్టుకుంటవ్?"

"కుడిది. ఆ మేడమ్ ఎడమ భుజానికి బ్యాగు వేస్తదేమో."

ఆమె కట్ చేసింది, కుట్టింది. చంక వంపు దగ్గర చెయ్యి ఆగలే. పట్టీల దాకా వచ్చినంక మాస్టరు వంగి చూసిండు. "హుక్కులు ఏ దిక్కు?"

"కుడి!" ఆమె అన్నది. నేను సుత అన్న, ఆమె కన్నా గట్టిగ.

"ఈమెవరు?"

"నాకు ఫోన్ల నేర్పించిన అక్క."

"ఇంతకు ముందు ఫోన్ల నేర్చుకున్నోళ్ళు నలుగురొచ్చిండ్రు. ఈ జాకెట్ ఇస్తే నలుగురూ సాగిన భుజాన్ని అట్లనే కోసిండ్రు. ఒక్కరూ అడగలే." కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "రేపు పది గంటలకు రా అమ్మా."

బయటికొచ్చి ఆమె చెప్పకముందే భర్త మా మొహాలు చూసి హారన్ కొట్టిండు. కొడుతనే ఉన్నడు. ట్రాఫిక్‌ల ఎవరో తిడుతున్నరు. ఫికర్ లేదు.

రెండున్నరకు నా షాపుకు తెచ్చి ఆమె చేతులను నా టేబుల్ మీద, కెమెరా కింద పెట్టిన. "ఈ చేతులకు పంజాగుట్టల పని దొరికింది" అన్న. స్క్రీన్ నిండ చేతులు లేచినయి, ఇరవై రెండు జతలు, అన్నీ ఒకేసారి చప్పట్లు. నా ఫోను స్పీకరు పగిలిపోతదనుకున్న.

పైన కిటికీ తెరుచుకుంది. "ఏంటండీ ఆ గోల! మా క్లాసులో వాళ్ళు అడుగుతున్నారు!"

"వినిపిస్తుందా సారూ?" అన్న.