మెరుపులు ఆపిన సుభద్ర మేడం గారు

సోమవారం ఉదయం కడియంలోని నర్సరీ ఆఫీసులో మొక్కల జాబితా టైపు చేస్తుండగా ఫోన్ మోగింది. "పద్మా, అమ్మ పోయిందమ్మా" అన్నారు సుభద్ర మేడం గారి అబ్బాయి. మూడు రోజుల క్రితం ఆసుపత్రి మంచం మీద కూర్చుని నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి! రాజమండ్రి చేరేదాకా, బస్సులో కూర్చున్నంతసేపూ, ఆ వార్త నిజమని నా మనసు ఒప్పుకోలేదు.

రాజమండ్రిలో ముప్పై ఏళ్ళపాటు టైపు నేర్పిన మేడం గారి నామధేయం అక్కడి గుమాస్తాలకూ, స్టెనోలకూ చిరపరిచితం. వేళ్ళ చప్పుడు విని ఎవరు తప్పు కొట్టారో చెప్పగల విదుషీమణి ఆమె. యాభై దాటాక టైపు మిషన్ల గదిలోనే నాలుగు కంప్యూటర్లు పెట్టించి, ముందు తాను విద్యార్థినిగా కూర్చుని నేర్చుకుని, ఆ తరువాతే మాకు నేర్పారు.

పంతొమ్మిదేళ్ళ వయసులో నేను ఆమె దగ్గర చేరాను. నాకు చిన్నప్పటి నుంచీ అప్పుడప్పుడూ మూర్ఛ వచ్చేది. చెబితే చేర్చుకోరేమోనన్న భయంతో ఆ సంగతి దాచాను. రెండో వారంలో ఒక రోజు నోట్సు రాసుకుంటూ తలెత్తేసరికి, ఖాళీగా వదిలేసిన తెర మీద రంగురంగుల గీతలు చకచకా వెలిగి ఆరుతున్నాయి. వాటినే చూస్తూ పడిపోయాను. తెలివి వచ్చేసరికి నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి ఉన్నారు. తల కింద మడతపెట్టిన తువ్వాలు. పక్కనే నేల మీద మేడం గారు. ఒక విద్యార్థిని తల్లి గుమ్మంలో నిలబడి, "ఈ అమ్మాయిని పంపించేయండి మేడం గారూ, మా పిల్ల హడలిపోతోందండి" అంటోంది.

"మీ పిల్లకి కావాలంటే రేపు సెలవిస్తానండి. ఈ అమ్మాయి మాత్రం రేపు క్లాసుకి వస్తుంది" అన్నారు మేడం గారు.

కాకినాడలో నరాల డాక్టరు గారి దగ్గరికి మా అమ్మతో పాటు ఆమె కూడా వచ్చారు. వెలుతురు గబగబా వెలిగి ఆరుతుంటే కొందరికి మూర్ఛ వస్తుందనీ, మందులు మానకూడదనీ, కంప్యూటర్ జోలికి పోకపోతే మేలనీ ఆయన చెప్పారు.

"మానాల్సింది కంప్యూటరా అండి, మెరుపులా అండి?" అని అడిగారు మేడం గారు.

ఆయన రాస్తున్న చీటీ పక్కన పెట్టారు. "మెరుపులేనండి. కానీ అవి లేని కంప్యూటర్ ఎక్కడ దొరుకుతుంది?"

"అది నేను చూసుకుంటానండి."

చూసుకున్నారు. ఖాళీగా ఉన్నప్పుడు తెర మీద ఆడే బొమ్మల్ని తీసేశారు. కర్సర్ మిణుకుమనకుండా, విండోలు ఎగురుకుంటూ వచ్చి తెరుచుకోకుండా చేశారు. మిణుకు కంటికి ఆనకుండా, తెర సెకనుకు ఎన్నిసార్లు వెలుగుతుందో ఆ అంకెను పెంచి, కొట్టుకుంటున్న ట్యూబులైటును మార్పించారు. ఇంటర్నెట్ పేజీల్లో బొమ్మలు కదలకుండా ఉండాలంటే ఏ టిక్కు తీసేయాలో కనిపెట్టిన రోజున చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

అంతటి ఆమె కూడా ఒకసారి పొరబడ్డారు. కొత్త పాఠాల సీడీ ఒకటి వస్తే, తెర వెలుతురు తగ్గిస్తే సరిపోతుందనుకుని నాకు పెట్టారు. మధ్యలో అక్షరాలు ఎర్రగా, తెల్లగా టపటపా మెరిశాయి. మళ్ళీ పడిపోయాను. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, కూర్చోకుండా, మా అమ్మ ఎదుట నిలబడి, "తప్పు నాదండి. ముందు నేను చివరిదాకా చూసి ఉండాల్సింది" అన్నారు. మా అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. తన కంటే చిన్నవాళ్ళ ముందు తప్పు ఒప్పుకోవడానికి సంకోచించని ఆ సంస్కారం నాకు ఆమె చెప్పిన పాఠాలన్నిటిలోకీ పెద్దది.

కంప్యూటర్ టైపు పరీక్షకు కేంద్రం వేరే ఊళ్ళోని కాలేజీలో పడింది. "సెట్టింగులు ముట్టుకోకూడదండి, రూల్సు ఒప్పుకోవు" అన్నారు అక్కడి పర్యవేక్షకుడు. "ఎక్కడ రాశారో చూపించండి" అన్నారు మేడం గారు. ఆయన చూపించలేకపోయారు, ఒప్పుకోనూ లేదు. పరీక్ష రాయకుండానే వెనక్కి వచ్చేశాం. బస్సులో ఏడుస్తున్న నాతో, "ఆయనకి తెలీదమ్మా. తెలీనోళ్ళకి చెప్పడమేగా మన పని?" అన్నారు. డాక్టరు గారి ఉత్తరం జతచేసి అధికారులకు అర్జీ పెట్టారు. జవాబు లేదు. ఇంకొకటి పెట్టారు. నాలుగో అర్జీకి అనుమతి వచ్చింది. మరుసటి పరీక్షకు వెళితే ఆ పర్యవేక్షకుడే ఎదురొచ్చి, "ఏమేం ఆపాలో చెప్పండి మేడం గారూ" అన్నారు. నేను ఫస్టు క్లాసులో పాసయ్యాను.

మేడం గారికి పంతం మాత్రం ఎక్కువే. బ్యాంకుకు వెళ్ళినా, ఫోటో స్టూడియోకు వెళ్ళినా, మిణుకుమనే తెర కనిపిస్తే ఆపమనేవారు. విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. నాకు ఉద్యోగం వచ్చాక మా యజమాని నర్సరీకి వెబ్‌సైటు చేయించారు. తెర నిండా గులాబీలు వెలుగుతూ, ఆరుతూ ఉండేవి. నేను చెప్పడానికి మొహమాటపడుతుంటే మేడం గారు నేరుగా వచ్చి, "పువ్వు అందం చాలలేదా అండి, ఇలా వెలిగించి ఆర్పుతున్నారు?" అని మా యజమానిని అడిగారు. ఆయన పకపకా నవ్వి, ఆ రోజే తీయించేశారు.

మొన్న శుక్రవారం ఆసుపత్రిలో ఆమె మొదట అడిగింది తన ఆరోగ్యం గురించి కాదు.

"ఆఫీసులో కొత్త కంప్యూటర్ పెట్టారన్నావు. అన్నీ ఎవరు సర్దారమ్మా?"

"నేనే సర్దుకున్నానండి. పక్క నర్సరీలో ఒకావిడకి తెర చూస్తే తలనొప్పి వస్తోందటండి. ఆవిడకీ సర్దిచ్చాను."

ఆమె నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. "అయితే ఇంక నాకు బెంగ లేదు" అన్నారు.

నిశ్చింతగానే వెళ్ళిపోయారు. పక్కకు తప్పించవలసిన పిల్లనని లోకం అనుకున్న రోజున, తప్పించవలసినవి వేరే ఉన్నాయని చెప్పిన ప్రథమ వ్యక్తి ఆమె. మరో గురువు దొరకవచ్చునేమో గానీ ఆ మాట నా తరఫున మొదటిసారి అనగలవారు ఇక పుట్టరు. ఆ విద్యాదాత్రి పాదాలకు, ఆమె నిలబెట్టిన ఈ చేతులతో, అశ్రుపూరిత వందనం.