నీచుకి ఇంగ్లీషు మాట

మా బావ ఆంజనేయప్రసాద్ ఏ హోటల్లో కూర్చున్నా ముందు ఒకే ప్రశ్న వేసేవాడు. "నో మీట్, రైట్?" 'నీచు లేదు కదా' అన్నదానికి ఆయన వెతుక్కున్న ఇంగ్లీషు అది. మాంసం, చేప, రొయ్య, గుడ్డు, అన్నీ మనకి నీచే. ఇంగ్లీషువాళ్ల మీట్‌లోనూ ఇవన్నీ ఉంటాయనుకున్నాడు. ఆయన కాపురముండే కాపెల్ ఊళ్లో తినేవన్నీ మనవాళ్ల హోటళ్లే కాబట్టి ఆ నమ్మకానికి ఎప్పుడూ దెబ్బ తగల్లేదు.

అది మడి కాదు, ప్రాణభయం. భీమవరంలో చదువుకునే రోజుల్లో స్నేహితుడింట్లో సరదాపడి రొయ్యల వేపుడు తింటే గొంతు మూసుకుపోయిందట. బతకడమే గొప్ప అన్నారట డాక్టర్లు. ఆ తర్వాత నీచు జోలికే పోలేదు. కానీ ఎలర్జీ అన్న మాట మాత్రం ఎక్కడా నోటివెంట రానిచ్చేవాడు కాదు. "రోగం పేరు చెప్పి అన్నం అడుక్కోవాలా?" అనేవాడు. డాక్టరు రాసిచ్చిన ఇంజెక్షన్ ఇంట్లో మందుల డబ్బాలో పడి ఉండేది. బావ సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఆఫీసులో ఎవరి పనినీ నమ్మేవాడు కాదు, తన ఇంగ్లీషుని మాత్రం నమ్మాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

గుడ్ ఫ్రైడే సెలవుకి బావ, మా అక్క రాగిణి, నేను న్యూ ఆర్లీన్స్ వెళ్లాం. ఊళ్లో ఆయన చూడాలన్నది ఒక్కటే, క్రియోల్ అనే అక్కడి నల్లవాళ్ల వంటలు వండే ఆంట్ ఒడెట్స్ అనే పాత హోటల్. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒక బల్ల దగ్గర తినడం నేరమైన రోజుల్లో, ఓటు హక్కు కోసం పోరాడినవాళ్లు దాని మేడమీద గదిలో కలిసి కూర్చుని తిన్నారట. ఆ గదిలో కూర్చోవాలని బావకి ఎన్నాళ్లనుంచో కోరిక. మెట్లెక్కుతూ చెప్పులు విప్పబోతే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

గోడలనిండా ఫోటోలు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గాలిలో ఏదో వాసన, కూర్చోగానే నేను ముక్కు మూసుకున్నాను.

"రొయ్యల వాసన బావా. వెళ్లిపోదాం," అన్నాను.

"పక్క టేబుల్ వాళ్లు తింటున్నారు కదా, రాదా మరి? కూర్చో," అన్నాడు.

వడ్డించే పెద్దావిడ వచ్చింది. పేరు లొరేన్. ఆకుకూరలన్నీ కలిపి వండిన పచ్చటి పులుసు, గంబో, ఇవాళ్టి ప్రత్యేకం అంది. బావ తన ప్రశ్న వేశాడు. ఆవిడ నొచ్చుకున్నట్టు ఛాతీమీద చెయ్యి పెట్టుకుంది. "ఇవాళ గుడ్ ఫ్రైడే, బేబీ. ఈ గంబో కుండలోకి ఇవాళ మీట్ అడుగు పెట్టదు," అని ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ భక్తి చూసి బావ మురిసిపోయాడు. వాళ్ల ఉపవాసాల్లో చేపలూ రొయ్యలూ మీట్ లెక్కలోకి రావని మాలో ఎవరికీ తెలియదు.

గిన్నెలో ఒక్క ముక్క కూడా కనిపించలేదు. రొయ్యల తలలూ పొట్టూ మరిగించి, వడగట్టిన నీళ్లతో వండారట. "మన గోంగూరకి చుట్టంలా ఉందే!" అంటూ రెండోసారి వడ్డించుకున్నాడు. ఆ గదిలో తినడం ఎంత అదృష్టమో చెబుతూ మధ్యలో ఆగాడు. మెడ గోక్కున్నాడు. నీళ్లు తాగబోతే మింగుడు పడలేదు.

"రాగిణీ, మందు తెచ్చావా?" అన్నాడు. గొంతు అప్పటికే ఆయనది కాదు.

తేలేదు. అక్క మొహం చూసి ఆయనకి అర్థమైపోయింది. అంబులెన్స్ వచ్చేదాకా అక్క ఆయన చెయ్యి వదల్లేదు. దీంట్లో రొయ్యలున్నాయా అని నేను ఇంగ్లీషులో అరుస్తుంటే లొరేన్ బిత్తరపోయి చూసింది. "నన్ను మీట్ గురించే కదా అడిగాడు!" అంది.

ఆస్పత్రిలో డాక్టరు బయటికొచ్చి సారీ చెప్పి వెళ్లిపోయాడు. అక్క ఏడవలేదు. కుర్చీలో అలా కూర్చుండిపోయింది. కాసేపటికి లొరేన్ వచ్చింది, నడుముకి ఏప్రన్ అలాగే ఉంది. అక్క ముందు మోకాళ్లమీద కూలబడి, తను అబద్ధం చెప్పలేదని, దేవుడిమీద ఒట్టని వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిణ్ణి తిట్టాలనే లేచాను. కానీ ఆవిడ చెప్పింది నిజమే.

అక్క ఆవిడ భుజంమీద చెయ్యి వేసింది. "ఇట్స్ నాట్ యువర్ ఫాల్ట్," అంది మెల్లగా.

తర్వాత నావైపు తిరిగి, అదే మెత్తటి గొంతుతో తెలుగులో అంది. "ఈవిణ్ణి పంపించెయ్యవే. ఇంకాసేపు ఇక్కడుంటే పీక పిసికేస్తాను."

అది దీవెన అనుకుంది లొరేన్. "థాంక్యూ, బేబీ," అంటూ అక్కని గట్టిగా వాటేసుకుంది.