చల్లపల్లిలో నేను నయం చేసిన మోకాళ్లు

లోకంలో మైకు వల్ల జరిగిన ఘోరాలన్నీ ఒకవైపు, చల్లపల్లి చర్చి హాల్లో నేను చేసినదొక్కటీ మరోవైపు పెట్టి తూస్తే, తక్కెడ నావైపే ఒరుగుతుంది. అప్పటికి నాకు జుట్టు, ధైర్యం రెండూ ఎక్కువే.

మా మేనమామ కూతురు సువార్త శాస్త్రవేత్త. ఊళ్లో ఆమెకు సన్మానం. పరిచయం చేసే భాగ్యం నాది. ఊరికి వెళ్లే దారిలో, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో మా కారు ఒక యుగంపాటు ఇరుక్కుపోతే, తన పరిశోధన గురించి చెప్పింది.

"ఒంట్లోకి క్రిమి దూరగానే కాపలా కణాల్లో కొన్ని జన్యువులు ఆన్ అవుతాయి బావా. వాపు, మంట వాటి పనే. క్రిమి చచ్చాక ఆ జన్యువుల్ని ఆపేసే ప్రోటీన్లున్నాయి. అవి సరిగ్గా ఆపకపోతే మన కణాలే మన కీళ్లని పీక్కుతింటాయి. అలా ఆపే ప్రోటీన్ ఒకదాన్ని ఎలుక కణాల్లో చూస్తున్నా. అంతే. మందు కనిపెట్టానని మాత్రం అనకు."

"నేనా? ఛఛ!"

కంటికి కనబడని కణానికి ఎక్కడ ఆగాలో తెలుసట! మా వంశంలో ఒక్కడికీ తెలియదు.

తెలియదని నేనే నిరూపించాను. హాల్లో మైకు అందుకున్నానో లేదో, మొదటి వాక్యానికే చప్పట్లు పడ్డాయి. చప్పట్లు వింటే నేను నూనెలో పడ్డ పూరీని.

"మా సువార్త వాపుని ఆపే స్విచ్ కనిపెట్టిందండీ! ఇక కృష్ణా జిల్లాలో మోకాళ్ల నొప్పన్నదే ఉండదు!"

సువార్త ముఖం, కప్పిన శాలువా కన్నా ఎర్రబడింది. జనం లేచారు. పంచెలు మోకాళ్లపైకి లేచాయి.

"అమ్మాయ్, నాది ఎడం కాలు."

"నాకు రెండూనండీ."

"మా గేదెక్కూడా పనిచేస్తదా?"

అందరికన్నా ముందుకొచ్చింది కరుణమ్మ. ఆ ముసలావిడ వేళ్లు అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. "మందు ఎప్పుడిస్తావు తల్లీ? నా జడ నేనేసుకుని ఏళ్లయింది."

నేను మైకు కిందికి దించాను.

సువార్త ఆవిడ ముందు కూర్చుని, ఆ వేళ్లని తన చేతుల్లోకి తీసుకుంది. "మందు లేదు మామ్మా. మా బావ గొప్పలు కోశాడు. వాపు మొత్తానికి ఆపేస్తే ముల్లు గుచ్చుకున్నా ప్రమాదమే. ఎక్కడ ఆగాలో మన కణాలకి తెలుసు. ఆ తెలివి ఎక్కడ తప్పుతోందో వెతుకుతున్నా. దొరుకుతుందని మాటివ్వలేను. రేపు కీళ్ల డాక్టరు దగ్గరికి మాత్రం నేనే తీసుకెళ్తా."

"తెలియదు" అనే మాటను అంత అందంగా చెప్పినవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

కరుణమ్మ నావైపు తేరిపార చూసింది. "సరే తల్లీ, కాచుకుంటా. ఈలోపు ఆ ఆపేదేదో మీ బావకి పెట్టు. చప్పట్లు ఇనపడితే చాలు, ఉబ్బిపోతన్నాడు!"

హాలు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు, మా పాస్టరు గారితో సహా.

అక్కడికక్కడే ప్రతిజ్ఞ చేశాను: ఇక జన్మలో ఏ శాస్త్రవేత్తను పరిచయం చేయాల్సి వచ్చినా, పేరు చెప్పి కూర్చుంటాను. అదీ ఒక్కసారే, మైకు లేకుండా.