అవ్వ ఇచ్చిన నిమ్మకాయ

మదనపల్లెలో కుప్పం బస్సెక్కి, ఫోన్లో జమైకా వీడియో పెట్టుకున్నా. పై నెల నేను కారులో తిరగబోయే రోడ్డది. ఒక పక్కంతా సముద్రం, మలుపు మీద మలుపు.

పక్క సీట్లో ఒక అవ్వ. బస్సెక్కితే కడుపులో తిప్పుతుందంట, నిమ్మకాయ వాసన చూసుకుంటా నా ఫోన్లోకి తొంగి చూస్తా ఉంది. వీడియోలో కారు వంగితే తనూ వంగేది. ఒక మలుపులో నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. పై నెల నేను పొయ్యే రోడ్డే ఇదని చెప్పినా.

"ఆడికి యాల పోతాండావప్పా?"

"ఊరికే, సూసేదానికే అవ్వా."

"వాంతికొస్తే ఎట్లప్పా?"

నవ్వేసినా.

పుంగనూరులో నేను లేస్తానే నిమ్మకాయ నా చేతిలో పెట్టి, వేళ్లు తనే మూసింది.

"నీకొద్దా అవ్వా? కుప్పం ఇంకా శానా దూరముండాది."

"నాది తెలిసిన రోడ్డేలేప్పా. నువ్వు సముద్రం పక్కన పోవాల."

బస్సు కదిలింది. కిటికీలో అవ్వ అప్పుడే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునింది.

జమైకాలో నాలుగు మలుపులు తిరిగేసరికి నాకూ కడుపులో తిప్పింది. కారు ఆపించి గట్టు మీద కూర్చున్నా. ఎదురుగా అంత సముద్రం ఉన్నా, ఆ పొద్దు అవ్వ కుప్పం దాకా ఎట్లా పోయిందో అన్నదే నా ఆలోచన.